బండి వస్తోంది అన్నాను

మార్చి 3
ట్యాంకర్ మీద నా ఫోన్ నంబరు రాయించారు. పసుపు రంగు, జానెడేసి అంకెలు. పైన "అత్యవసర సేవ" అని. ఆఫీసు నంబరు రాయమంటే సర్పంచ్ నవ్వాడు. ఆఫీసు ఫోను ఎవరు ఎత్తుతారమ్మా, నువ్వైతే ఎత్తుతావు అన్నాడు. నిజమే. పంచాయతీ సెక్రటరీ అంటే ఫోను ఎత్తే మనిషి.
కొత్తగా ప్లాట్లు వేసే ప్రతివాళ్లూ మంటలార్పే బండి కోసం ఫీజు కట్టాలని తీర్మానం రాసింది నేనే. ఆ ఫీజుతో కొన్నదే ఇది. ట్యాంకు, మోటారు, పొడవాటి పైపు. పెద్ద ఫైరింజన్ పట్నం నుంచి రావాలి, వచ్చేసరికి బూడిదే మిగులుతుంది. ఇక ఆ బాధ లేదు. గర్వంగా ఉంది... రాసుకోవాలంటే కాస్త సిగ్గు.

మార్చి 9
రోడ్డు పక్క వెంచర్ ఆయన ఫోన్. గేటు దగ్గర మొక్కలు ఎండిపోతున్నాయట, ఆదివారం ప్లాట్లు చూడ్డానికి జనం వస్తారట. మా ఫీజుతోని కొన్న బండే గదా మేడం, ఒక్క ట్రిప్పు అన్నాడు. సరే అన్నాను. డ్రైవర్ యాదగిరి నా వైపు చూసి తాళం తీసుకున్నాడు.

మార్చి 12
నాలుగో ట్రిప్పు. మొక్కలు తేరుకున్నాయట.

మార్చి 14
మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్. వాగు అవతలి గుంపు నుంచి లక్ష్మయ్య. గుంపంటే చిన్న గూడెం, అక్కడ అన్నీ పూరిళ్లే.
"మేడం, ఇల్లు అంటుకున్నది. బండొస్తదా?"
"వస్తోంది" అన్నాను.
ఆ తర్వాత యాదగిరికి చేశాను. వెంచర్ దగ్గర ఉన్నాడు. ట్యాంకు ఖాళీ. ముందు అతన్ని అడిగి, తర్వాత లక్ష్మయ్యకు చెప్పాల్సింది. ఎందుకలా అన్నానో తెలియదు. నోటికి వచ్చింది.
నీళ్లు నింపుకుని వెళ్లేసరికి మూడిళ్లు పోయాయి. ఇళ్లలో మిర్చి బస్తాలు. ఆ ఘాటుకి ఎవరూ దగ్గరికి పోలేకపోయారు. లక్ష్మయ్య తల్లి ముత్తమ్మ మేకపిల్లల కోసం లోపలికి పోయింది. చేతులు, వీపు కాలాయి. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు.
నేనూ వెళ్లాను గుంపుకి. దగ్గుతూ నిలబడ్డాను.

మార్చి 15
అన్నం తిన్నాను. ఏం కూరో అమ్మ చెబితే తెలిసింది.

మార్చి 16
నష్టం రాసుకోవడానికి మళ్లీ గుంపుకి వెళ్లాను. ఇల్లు అంటుకుంటే వాళ్లు గాలి ఎటుందో చూస్తారు. అటు పక్కింటి కప్పును దోటీలతో, అంటే పొడవాటి కొక్కెం కర్రలతో, కిందికి లాగేస్తారు. ఆ ఇంటికి కప్పు పోతుంది, నిప్పు మాత్రం అక్కడితో ఆగుతుంది. ఎప్పటి నుంచో అంతే. నాకు ఈరోజు తెలిసింది.
లక్ష్మయ్య చెప్పాడు.
"దోటీలు చేతుల్ల పట్టుకున్నం మేడం. మీరు బండొస్తందంటిరి. మంచి కప్పు ఎందుకు చెడగొట్టుడని ఆగినం."
గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. దోటీలు బోరింగుకు ఆనించి ఉన్నాయి. ఒక్కటీ కాలలేదు.

మార్చి 18
పైనుంచి నన్ను సంజాయిషీ అడిగారు. ఫారంలో ఒక గడి — "సంఘటన సమయంలో వాహనం ఎక్కడ ఉంది?"
మండలాఫీసులో సారు పక్కకి పిలిచారు. రిపేరులో ఉందని రాయమన్నారు. మెకానిక్ చీటీ ఆయనే చూసుకుంటారట. వెంచర్ పేరు బయటికొస్తే మిగతావాళ్లు ఫీజు కట్టడానికి పేచీ పెడతారు, రేపు బండికి డీజిలుండదు, అప్పుడు గుంపులో అంటుకుంటే ఎవరు పోతారు అన్నారు. మాట అబద్ధం కాదు. అదే ఇబ్బంది.
లేచి వస్తుంటే, పర్మనెంట్ అయ్యి ఎన్నాళ్లయిందమ్మా అని అడిగారు. చెప్పాను.

మార్చి 19
వెంచర్ ఆయన గుంపుకి బియ్యం బస్తాలు పంపాడు. నన్ను పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. ఫోటోలో నేను మామూలుగానే ఉన్నాను.

మార్చి 20
గడి ఖాళీ.

మార్చి 21
భద్రాచలం వెళ్లొచ్చాను. ముత్తమ్మ బోర్లా పడుకుని ఉంది. పింఛను మేడం అని గుర్తుపట్టింది. మేకపిల్లల్ని అడిగింది. ఒకటి బతికిందని చెప్పాను. కాసేపు కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.
"అందరు దోటీలు పట్టుకొని నిలబడ్డరు బిడ్డా. ఎవలో సుట్టం వస్తున్నట్టు తొవ్వ దిక్కు సూస్తున్నరు."
బయట మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. బస్సు వస్తే ఎక్కాను.

మార్చి 23
ట్యాంకర్ మీద నంబరు చెరిపించడానికి యాదగిరితో టిన్నర్ తెప్పించాను. అతను గుడ్డ తడిపి మొదటి అంకె రుద్దుతుండగా లక్ష్మయ్య వచ్చాడు, ఇళ్ల మీదికి టార్పాలిన్లు కావాలని. కాసేపు చూశాడు.
"ఉండనియ్యున్రి మేడం. ఎత్తేటోళ్లు ఒక్కలన్న ఉండాలె గదా."
యాదగిరి నన్ను చూశాడు. టిన్నర్ డబ్బాకి మూత పెట్టమన్నాను. మొదటి అంకె సగం చెరిగింది. అయినా చదవొచ్చు.

మార్చి 24
సంజాయిషీకి ఈరోజే ఆఖరు. పెన్ను మూత తీసి కూర్చున్నాను. "రి" అని రాశాను. కొట్టేశాను.
పదకొండున్నరకు ఫోన్. మామిడితోట పక్క గుంపు నుంచి, ఎవరో ఆడమనిషి. గడ్డివాము అంటుకుందట, గాలి ఇళ్ల దిక్కు కొడుతోందట.
"బండొస్తదా మేడం?"
పొద్దున బండి బయటికి పోవడం చూశాను. ఎటు పోయిందో అడగలేదు. ఇంత జరిగాక కూడా అడగలేదు.
"కప్పు లాగెయ్యండి" అన్నాను.
"అంటే బండి రాదా?"
"ముందు వాము పక్కింటి కప్పు లాగెయ్యమ్మా. జల్దీ."
కట్ అయింది. ఆమె పెట్టేసిందో, సిగ్నల్ పోయిందో.
యాదగిరికి మూడుసార్లు చేశాను. ఎత్తడం లేదు. సర్పంచ్ ఫోన్ బిజీ. స్కూటీ తాళం ఎక్కడ పెట్టానో... బల్ల మీద వెతుకుతుంటే ఆ కాగితమే చేతికి తగులుతోంది. సంఘటన సమయంలో వాహనం ఎక్కడ ఉంది?