ఇరవై రెండు అడుగుల బల్ల

రాజమండ్రి,
గురువారం.

చిరంజీవి భవ్యకి నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ మోకాలు తప్ప అందరం బాగానే ఉన్నాం. అహ్మదాబాద్‌లో నువ్వూ బాగున్నావని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. పప్పులో పంచదార వేస్తున్నారని రాశావు కాబట్టి తిండి ఒక్కటే లోటనుకుంటాను.

ఫోన్ చేసుకుంటే పోయేదానికి తండ్రీకూతుళ్ళకి ఈ ఉత్తరాలేంటని మీ అమ్మ ఎప్పటిలాగే దెప్పుతోంది. ముప్ఫై ఏళ్ళు కరెంటు రంపం పక్కన నిలబడ్డవాడికి ఫోన్‌లో సగమే వినబడుతుంది. మిగతా సగం నేను ఊహించుకుంటాను, ఆ ఊహ ఎప్పుడూ తప్పే అవుతుంది. నాకు కాగితమే నయం.

నువ్వడిగినవి వరసగా చెప్తాను. అమ్మకి షుగర్ అదుపులోనే ఉంది, అమ్మే అదుపులో లేదు. అన్నవరం నుంచి ఎవరు ప్రసాదం తెచ్చినా, ప్రసాదానికి డాక్టరు మాట వర్తించదంటుంది. మన షెడ్డులో పనిచేసే అచ్చిబాబు కూతురికి సంబంధం కుదిరింది, పిల్లవాడు కాకినాడలో ఎలక్ట్రీషియన్. ఈ సంతోషంలో అచ్చిబాబు రెండు తలుపులకి కొలతలు తప్పు తీసుకొచ్చాడు. రంపపు పొట్టు ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకుంటున్నావా అనడిగావు. కట్టుకుంటున్నాను, నీ ఉత్తరం వచ్చిన మంగళవారం నుంచి.

నాలుగో ప్రశ్న బల్ల గురించి. నువ్వు బొమ్మ పంపిన డిజైన్ల పోటీ వాళ్ళు పద్దెనిమిదో తారీఖున రంగరాజు గారి ఆఫీసు చూడ్డానికి వస్తున్నారని, ఈలోగా బల్లని శుభ్రంగా తుడిపించి ఫొటో తీసి పంపమని రాశావు. ఫొటో పంపడం లేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. నీకు తెలిసినవి కూడా మళ్ళీ రాస్తాను, ఏమీ అనుకోకు. అవి లేకపోతే నాకు మాట సాగదు.

భీమవరం రంగరాజు గారు రొయ్యల చెరువుల మీద సంపాదించి దానవాయిపేటలో మేడ కొన్నారు. పై అంతస్తు ఇదివరకు బట్టల గోడౌన్. ఏ కంపెనీ వాళ్ళయినా నెలకింతని కట్టి కుర్చీ తీసుకుని పని చేసుకునేలా అక్కడ ఆఫీసు పెడదామనుకున్నారు. బొమ్మ గీసింది నువ్వు, చెక్కపని నాది. నీ సొంత పేరు మీద అదే మొదటి పని. హాలు మధ్యలో ఒకటే బల్ల, ఇరవై రెండు అడుగుల పొడుగు, అటు పదిమంది, ఇటు పదిమంది ఎదురెదురుగా. పెద్దా చిన్నా తేడా ఉండకూడదు, ఎవరూ మూలన ఒంటరిగా కూర్చోకూడదు, మనుషులు కలిస్తే మనసు బాగుంటుంది, పనీ బాగుంటుంది అన్నావు. ఉగాదికి ఓపెనింగ్ అయింది, వారం తిరక్కుండా నువ్వు ఉద్యోగానికి వెళ్ళిపోయావు. వచ్చినవాళ్ళంతా చెయ్యి వేసి నిమిరి, అతుకు ఎక్కడుందో చెప్పమన్నారు. నాకూ గర్వంగానే ఉండేది.

శ్రావణమాసంలో, బల్లకి వైర్లు పోయే కన్నాలు పెద్దవి చెయ్యాలని రంగరాజు గారు కబురు పెట్టారు. ఒక పూటంతా నేను బల్ల కింద కూర్చున్నాను. కింద కూర్చున్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఫోన్‌లో వినబడకపోయినా మనుషులు దగ్గరగా మాట్లాడితే వినబడుతుంది కదా, అన్నీ విన్నాను.

మనవాళ్ళ సంగతి నీకు తెలుసు. బస్సులో పక్కన కూర్చున్నవాడితో మాట్లాడకపోయినా తప్పులేదు, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడకపోతే మాత్రం పొగరంటారు. తలెత్తితే ఎదురుగా మొహం, మొహం కనబడితే నవ్వాలి, నవ్వాక పలకరించాలి. ప్రవీణ్ అని ఒకతను లోన్ల కంపెనీ తరఫున రోజంతా ఫోన్లు చేస్తుంటాడు. మంచివాడే, మర్యాదస్తుడు. ఫోనుకీ ఫోనుకీ మధ్య ఎదుటివాళ్ళని "టిఫిన్ అయ్యిందాండి? ఏంటండి అలా ఉన్నారు?" అంటాడు. ఒక్క పూటలో పదకొండుసార్లు విన్నాను. వద్దనడానికి ఎవరికీ నోరు రాదు, మర్యాద చేసేవాణ్ణి ఏమని కసురుకుంటాం?

ఇక భోజనాలు. ఎదురుగా మనిషి ఉండగా ఒక్కళ్ళం క్యారేజీ విప్పుకుని తినడం మన జిల్లాల్లో ఎవరికీ చేతకాదు. పన్నెండింటికి ఒకరు విప్పితే పంతొమ్మిది మందికీ వడ్డించాలి. ఇంకొకరు పన్నెండున్నరకి విప్పుతారు. మళ్ళీ మొదలు. ఆవకాయ ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేసరికి రెండవుతుంది. కంప్యూటర్లు వాటి పాటికి అవి వెలుగుతూ ఉంటాయి.

ప్రవీణ్‌కి సరిగ్గా ఎదురుకుర్చీ వీరదుర్గది. ఉప్పాడ అమ్మాయి, వాళ్ళది చేపల వేట మీద బతికే ఇల్లు. అమెరికా ఆసుపత్రుల బిల్లులకి ఏవో నెంబర్లు వేసే ఉద్యోగం, ఇక్కడ లేడీస్ హాస్టల్‌లో ఉంటుంది. ఒక నెంబరు తప్పితే బిల్లంతా తిరిగొస్తుందట. హాస్టల్ వాళ్ళు కట్టే సాంబారన్నం ఇరవైమంది ముందు విప్పడానికి సిగ్గుపడి, ఆకలి లేదని చెప్పి మెట్ల కింద జనరేటర్ పక్కన తింటోంది. కన్నాలు తొలిచి నేను దిగుతుంటే అక్కడ కనబడింది. లేచి నిలబడబోయింది, కూర్చోమన్నాను.

"బాబాయ్ గారూ, ఆ బల్ల చేసింది మీరేనంట కదండి. నా ఒక్క కుర్చీ ముందు చిన్న చెక్క కొట్టగలరాండి?" అంది.

"ఎందుకమ్మా?"

"ఎదురుగా ఎవరూ కనబడకుండాండి. వారానికి మూడు తప్పులు దాటితే తీసేస్తామన్నారండి. నాకు ఏడొస్తున్నాయి. ఇంటికెళ్తే మా నాన్న మళ్ళీ పంపడండి. అమ్మ చేపల గంప నాకిచ్చేస్తారు."

అట్టపెట్టె అడ్డం పెట్టుకుని చూసిందట. ఫొటోల్లో బాగోదని రంగరాజు గారు తీయించేశారట. అట్టపెట్టె చూసి ప్రవీణ్ కూడా "నేనేమైనా తప్పుగా మాట్లాడానాండి?" అని బాధపడ్డాడట. దాంతో ఆ పిల్ల అతనికి రోజూ రెండు నవ్వులు ఎక్కువ నవ్వాల్సి వచ్చింది. ఇది చెప్తూ కళ్ళు తుడుచుకుంది. నేను సామాన్ల సంచి తీసుకుని ఇంటికొచ్చాను.

చెక్క కొట్టడం అరగంట పని. కానీ ఒక్క కుర్చీకి కొడితే ఆ పిల్ల ఒక్కతే వెలేసినట్టు ఉంటుంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది, చిన్నప్పుడు షెడ్డులో నువ్వూ చూశావు. ఎవరి బల్ల వాళ్ళది, వెలుతురు ఎడమపక్క నుంచి రావాలి, వీపు వెనక నడిచే దారి ఉండకూడదు. ఉలి పట్టుకున్నవాడు బెదిరితే వేలు పోతుంది. కంప్యూటరు పట్టుకున్నవాళ్ళకి వేలు పోదు గానీ, పోయేదేదో పోతూనే ఉంటుంది.

రంగరాజు గారి దగ్గరికి వెళ్ళి ఇదే చెప్పాను. ఆయన మీసం సవరించుకుని, "బల్ల మీ అమ్మాయి ఆలోచన, మీ చేతిపనండి. కొయ్యాలంటే మీరే కొయ్యాలి. అమ్మాయిని అడిగారాండి?" అన్నారు.

"అడిగానండి" అన్నాను.

వినాయకచవితి వెళ్ళాక వచ్చిన ఆదివారం నేనూ అచ్చిబాబూ వెళ్ళి కోసేశాం. ముందు మధ్యలో నిలువునా రెండుగా, తర్వాత ఒక్కోదాన్ని ఐదేసి ముక్కలుగా. పది చిన్న బల్లలయ్యాయి. తొమ్మిదింటిని కిటికీల వెంట వేశాను, ఇద్దరిద్దరు పక్కపక్కన, ఎవరికీ ఎవరూ ఎదురు కాకుండా. పదోది వెనక వరండాలో వేసి భోజనాల బల్ల అన్నాను. ఫోన్లు చేసేవాళ్ళకి స్టోరు గది ఖాళీ చేయించి తలుపుకి లోపల మందపాటి గుడ్డ కొట్టాను. రంపం వేసే ముందు బల్లని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నిమిరాను. అచ్చిబాబు చూసి, నువ్వు కాస్త బయట కూర్చో బావా అన్నాడు. కూర్చోలేదు.

అంతా బాగుపడిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కబుర్ల కోసమే వచ్చే ఇద్దరు మానేశారు. ప్రవీణ్ నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. ఇప్పుడు గదిలో గొంతెత్తి మాట్లాడుకుంటున్నాడు, ఒంటిగంటకి వరండాలో అందరినీ పలకరిస్తున్నాడు. భోజనాలు ముప్పావుగంటలో తెములుతున్నాయి. వీరదుర్గకి మొదటివారం నాలుగు తప్పులొచ్చాయి, పోయిన వారం ఒకటి. నెలాఖరు దాకా చూస్తామన్న కంపెనీ వాళ్ళు ఇంక ఆ మాట ఎత్తడం లేదట.

పోటీ వాళ్ళు వచ్చేసరికి నువ్వు పంపిన బొమ్మలో ఉన్న బల్ల అక్కడ ఉండదు. నీకు చెప్పకుండా కోశాను, చెప్పానని రంగరాజు గారితో అబద్ధమాడాను. బహుమతి పోతే నా వల్లే పోయినట్టు. నాన్న పాడుచేశాడని వాళ్ళకి రాసెయ్యి, నేను అక్కడే నిలబడి అవునంటాను. ఎందుకు కోశావని అడిగితే కారణం కూడా చెప్తాను.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, ఇంతవరకూ రాయలేకపోయాను.

నువ్వు ఇంటర్‌లో ఉండగా మీ అత్తయ్య కోసం బీరువా బొమ్మ గీసి షెడ్డుకి తెచ్చావు. రెండు తలుపులూ ఒకదానికొకటి కొట్టుకుంటాయని నలుగురు పనివాళ్ళ ముందూ నవ్వుతూ చెప్పాను. వాళ్ళూ నవ్వారు. నువ్వు కాగితం మడిచి తీసుకెళ్ళిపోయావు. తర్వాత మూడేళ్ళు నాకు ఒక్క బొమ్మ చూపించలేదు. నేనూ అడగలేదు, అడగడం నాకు రాదు. నీ గదిలో లైటు వెలిగేది, పెన్సిలు చెక్కిన పొట్టు మీ అమ్మ ఊడ్చేది, నేను చూసేవాణ్ణి.

ఈ బల్ల బొమ్మ తెచ్చి నువ్వు షెడ్డులో నేల మీద పరిచిన రోజే నాకు తప్పు కనబడింది. మొదటి చూపులోనే, ఎదురెదురు కుర్చీలు చూడగానే. మనవాళ్ళు ఇలా కూర్చుంటే పని చెయ్యరు అనుకున్నాను. "బాగుందమ్మా" అన్నాను. నువ్వు తలెత్తి, "నిజంగా బాగుందా నాన్నా?" అని ఇంకోసారి అడిగావు. రెండోసారీ బాగుందనే అన్నాను. కొలతలు తీసుకున్నాను, కలప తెచ్చాను, తప్పని తెలిసిన బల్లని నా చేతనైనంత అందంగా చేశాను. నీ బొమ్మలు మళ్ళీ నాకు అందుతున్నాయన్న సంతోషం పోగొట్టుకోలేకపోయాను. నా సంతోషానికి ఆ ఉప్పాడ పిల్ల ఐదు నెలలు మెట్ల కింద అన్నం తింది. నువ్వు గీసింది నీ మొదటి పని, తప్పు రావడం సహజం. నాది ముప్ఫై ఏళ్ళ పని. ఈ తప్పు నీది కాదు, నాది.

ఇది చదివి నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. మళ్ళీ మూడేళ్ళు బొమ్మ చూపించకపోతే మాత్రం నేను తట్టుకోలేను, వయసు కూడా అప్పటిది కాదు. అయినా ఒక మాట ముందే చెప్తున్నాను. ఈసారి నువ్వు బొమ్మ పరిచి బాగుందా నాన్నా అని అడిగితే, బాగోకపోతే బాగోలేదనే అంటాను. పనివాళ్ళని బయటికి పంపించి అంటాను.

ఇట్లు,
మీ నాన్న,
వీరబ్రహ్మం.