ఇంజన్ వెనక నీలం గీతలు

ఆగస్టు 11, సోమవారం

మొన్న నేను తుడిచిన చోటే ఆయన మళ్ళీ రంగు చిమ్మారు. కారు కింద, అడ్డదిడ్డంగా. "ఫ్యాక్టరీలో ఇలాగే పడేది. నువ్వు నీట్ చేస్తే పాతకార్ల షోలో జడ్జి పాయింట్లు కట్ చేస్తాడు." యాభై ఎనిమిదేళ్ళ నాటి కారు. బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలట. నాలుగేళ్ళుగా ఇదే పని... బట్ట పట్టుకుని గ్యారేజ్‌లోకి రావొద్దని నాకు ఆజ్ఞ.

అమ్మాయి నవ్వుతుంది — "అమ్మా, అయితే నా రూమ్ కూడా ఫ్యాక్టరీ కరెక్టే. టచ్ చేయకు."

ఆగస్టు 14

షో వచ్చే వారం, ఆదివారం. ముందు గుడిలో కారుకు పూజ చేయిద్దామన్నాను. "డ్రైవ్ చేస్తే దుమ్ము పడుతుంది." ఫ్యాక్టరీ మురికి కావాలి, రోడ్డు మురికి వద్దు.

ఆగస్టు 15, శ్రావణ శుక్రవారం

ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక నేనే చేశాను. కారు ముందు హుడ్ ఎత్తాను. తుడవకుండా బొట్టు ఎలా పెడతాం... ఇంజన్ వెనక రేకు మీద నీలం గీతలు, పిల్లలు గీసినట్టు. తడిబట్టతో రుద్దితే పోయాయి. అక్కడే పసుపు రాసి కుంకుమ పెట్టాను. హారతిచ్చాను. మనసు నిండింది.

సాయంత్రం —

అవి ఫ్యాక్టరీలో కారు చెక్ చేసిన మనిషి గీసినవట. నాలుగేళ్ళు వాటి మీద టేపు అంటించి కాపాడారు. షో కోసం నిన్ననే తీశారు. "మళ్ళీ తేలేనిది అదొక్కటే, లక్ష్మీ." అరిచినా బాగుండేది.

ఆగస్టు 16

అన్నం తిన్నారు. గ్యారేజ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఆగస్టు 19

నాకూ కోపమే. ఆ టేపు కింద ఏముందో ఒక్కసారైనా చెప్పారా? తను రంగు చిమ్మితే కరెక్టు, నేను తుడిస్తే తప్పు. జపంలో రెండుసార్లు లెక్క తప్పింది.

ఆగస్టు 21

నీలం క్రేయాన్, ఆ గీతల పాత ఫోటో నా ముందు పెట్టారు. "నీ చెయ్యి కుదురు. నువ్వే రాయి."

"జడ్జి అడిగితే?"

"అడగడులే."

"అడిగితే ఏం చెప్తారండీ?"

ఫోన్ చూసుకుంటూ లేచి వెళ్ళారు. బొట్టు పెట్టిన చోట అబద్ధం రాయమంటున్నారు.

ఆగస్టు 23, శనివారం

ఆయన ముఖం చూడలేక పొద్దున రాశాను. "ఇంత నీట్‌గా ఎవరు రాస్తారు? ఫ్యాక్టరీ వాళ్ళు కారు కదులుతుంటే గీసేవాళ్ళు." తుడిచాను. వంకరగా గీశాను. ఆ వంకర కూడా ఒక వరసలో వచ్చిందట. మళ్ళీ తుడిచాను. కుదురుగా రాయమనే కదా చిన్నప్పుడు బళ్ళో వేళ్ళ మీద కొట్టింది.

"పోనీ, మీరే రాయండి" అన్నాను. క్రేయాన్ పట్టుకుని రేకు ముందు చాలాసేపు నిలబడ్డారు. రాయలేదు. దాన్ని నా చేతిలో పెట్టి, పెట్రోలు కొట్టించుకొస్తానని వేరే కారులో వెళ్ళారు.

రేపు ఆరింటికి బయలుదేరాలి. రేకు మీద ఏమీ లేదు. కుంకుమ కూడా పోయింది.

శుభ్రంగా ఉంది.