స్తూపం వెనక గూడు

జనవరి 18
పేపరు ఆలస్యంగా వచ్చింది. వెంకటయ్య తన హోటల్ బల్ల మీద పరిచి, ఒక చేత్తో టీ వడపోస్తూనే చదివాడు. మణుగూరు వైపు అడవిలో ఎదురుకాల్పులు. ఫోటోలో చివరన పడి ఉన్నది ఎర్రక్క కొడుకు కన్నయ్య. కింద ఇంకేదో పేరు రాశారు. ముఖం మాత్రం వాగు అవతల గుడిసెలో పుట్టి పెరిగిన ముఖమే.
వెంకటయ్య పేపరు మడిచి చక్కెర డబ్బా కింద పెట్టాడు. "ఎర్రక్క కంట పడనియ్యకు మేస్త్రీ..."
టీ చల్లారిపోయింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూచున్నాం.

జనవరి 20
కన్నయ్యని టార్పాలిన్‌లో చుట్టి తెచ్చారు. ముఖం చూస్తానంది ఎర్రక్క. చూసింది. ఏడవలేదు. "బక్కగ అయిండు" అంది.

ఫిబ్రవరి 3
అడవిలోని అన్నల దగ్గర్నుంచి కబురు. ఎవరు తెచ్చారో ఇక్కడ కూడా రాయను. కన్నయ్యకి స్తూపం కట్టాలట. ఎర్ర రంగు, పైన చుక్క, కింద వీరుడని పేరు. వద్దంటే... వద్దని ఎవరంటారు?
మా ఆవిడ భద్రమ్మకి చెప్పాను. "పోరడు బతికున్నప్పుడు మన జామచెట్టు దిగురా అని కట్టె పట్టుకొని ఉరికినవ్. ఇప్పుడు వీరుడా? చచ్చినోని కండ్లు చేరెడని ఊకె అన్నరా!" నవ్వబోయి ఆగిపోయింది.

ఫిబ్రవరి 4
కల. మంచులో ఇటుక మీద ఇటుక పెడుతూనే ఉన్నాను. గోడ నిలువు చూసే తూకం గుండు దారం కిందికి కాదు, పైకి పోతోంది. స్తూపం పైన కన్నయ్య, కాళ్ళు ఊపుకుంటూ, జామకాయ కొరుకుతూ. "ఇంక ఎంత ఎత్తు కడతవ్ మామా? నేను దిగుడెట్ల?"
లేచాక కూడా మెడ నొప్పి. పైకి చూసీ చూసీ.

ఫిబ్రవరి 11
పని మొదలైంది. చెప్పుకోకూడదు గానీ బాగా కుదురుతోంది. నాలుగు మూలలూ గీత గీసినట్టు లేస్తున్నాయి. నా సొంత ఇల్లు కూడా ఇంత ఇష్టంగా కట్టుకోలేదు. సిగ్గుగా ఉంది.
మధ్యాహ్నం ఇటుకల నీడలో కునుకు పట్టింది. కళ్ళు తెరిస్తే ఎర్రక్క, గిన్నెలో పసుపు కలిపి పట్టుకుని. వాళ్ళ గూడెంలో పోయినవాళ్ళకి రాయి నిలబెట్టడం తాతల నాటి నుంచీ ఉంది. ఆమె కళ్ళకి ఇదీ ఆ రాయే. మోకాళ్ళ మీద కూచుని కింది వరసలకి పసుపు రాసింది.
"దీపం పెట్టనీకి గూడు ఇడువు తమ్మీ."
దేవుడు, దీపం అంటే అన్నలు ఒప్పుకోరక్కా అన్నాను.
"దేవునికెవలు పెడుతుండ్రు? నా కొడుక్కి చీకటంటే భయం."
వెనక వైపు, దారికి కనబడకుండా, చిన్న గూడు వదిలాను. ఒక ప్రమిద పట్టేంత.

ఫిబ్రవరి 24
రంగు ఆరింది. మీటింగ్ పెట్టారు, పాటలు పాడారు. కన్నయ్య నెత్తురుకి నెత్తురు అన్నారు. చప్పట్లు. ఎర్రక్క వెనక గూడు దగ్గర వత్తి సరిచేసుకుంటోంది. విన్నదో లేదో.

మార్చి 9
వెంకటయ్య.
ఇంక రాయలేను.

మార్చి 11
రాస్తాను. రోడ్డు మీద, హోటల్ నుంచి పిలిస్తే వినబడేంత దూరంలో. ఛాతీ మీద కాగితం. ఇన్‌ఫార్మర్ అని, కన్నయ్య చావుకి వీడే కారణమని.
పోలీసులొస్తే టీ పోశాడు. అన్నలొస్తే టీ పోశాడు. నాకూ పోశాడు. ఇంకేం తెలుసు వాడికి?
పేపర్లో నాలుగు ముక్కలు రాసి వదిలేశారు. పేదోళ్ళ కోసమే పోరాటం అంటారు గదా... వెంకటయ్య కంటే పేదోణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి.

మార్చి 12
ఎర్రక్క వాగు దాటి మా ఇంటికొచ్చింది. ఆ కాగితం సంగతి ఇవాళే ఎవరో చెప్పారట.
"నా కొడుకు పేరు మీద చంపిండ్రా తమ్మీ? నన్నడిగిండ్రా?"
భద్రమ్మ నీళ్ళిచ్చింది. చెంబు పట్టుకునే కూచుంది, తాగలేదు.

మార్చి 15
ఇప్పపూలు రాలుతున్నాయి. ఊరంతా తీపి వాసన, మత్తుగా. ఇంత వాసన పీల్చినవాళ్ళు మనుషుల్ని ఎట్లా చంపుతారు? పిచ్చి ప్రశ్న. పూలకేం తెలుసు.

మార్చి 19
జీపు వచ్చింది. ఎస్సై చిన్నవాడే. చెమటలు తుడుచుకుంటున్నాడు. "కట్టింది నువ్వేనంటగా? వచ్చే సోమవారానికల్లా నువ్వే కూలగొట్టాలి. లేదంటే వచ్చి జీపెక్కు."
పొద్దు గూకకముందే అడవిలోంచి రెండో కబురు. స్తూపం మీద చెయ్యి వేసినవాడికి వెంకటయ్య గతే.
అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. "పాల్వంచల మా తమ్ముని కాడికి పోదాం" అంది భద్రమ్మ. "ఆడ అన్నీ కట్టేటియే, కూలగొట్టేటియి లేవు." నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది.

మార్చి 20
మళ్ళీ అదే కల. ఈసారి స్తూపం పైన ఇద్దరు. వెంకటయ్య పక్కన కన్నయ్య, ఒకే గ్లాసులో టీ పంచుకుంటూ. ఇద్దరికీ దిగే దారి లేదు. నా నిచ్చెన ఎక్కడ పెట్టానో గుర్తు రాదు.

మార్చి 22
మూసిన హోటల్ ముందు వెంకటయ్య భార్య రంగమ్మ.
"అన్నా, ఇటుకలు మిగిలినయా?"
ఎందుకమ్మా?
"మా ఆయనకు ఎవలు కడతరు? పోలీసులు కట్టరు, అన్నలు కట్టరు. ఇంట్ల దీపం పెడితే పిల్లలు జడుసుకుంటుండ్రు. ఏడ పెట్టాలె?"
ఇటుకలు ఉన్నాయి. లేవని చెప్పాను.

మార్చి 25, ఆదివారం
సాయంత్రం సమ్మెట భుజాన వేసుకుని వెళ్ళాను. కొట్టడానికా, ఊరికే చూసి రావడానికా... దారి పొడుగునా తేల్చుకోలేదు.
వెనక వైపు ఎర్రక్క, రంగమ్మ. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. గూడు ఒక దీపానికే కట్టింది. ఎర్రక్క తన ప్రమిద పక్కకి జరిపింది. రంగమ్మ తనది పెట్టింది. సగం బయటికే ఉంది, పడిపోయేలా. ఎర్రక్క అరచెయ్యి కింద ఆనించి పట్టుకుంది. నూనె వేళ్ళ మీదికి కారుతున్నా తియ్యలేదు.
నన్ను చూసింది. సమ్మెటనీ చూసింది.
"తమ్మీ... గూడు జర పెద్దగ చెయ్యి."
దానికి సమ్మెట పనికిరాదు, ఉలి కావాలి. ఇంటికొచ్చి ఉలి వెతికి గడప దగ్గర పెట్టాను. సమ్మెట కూడా అక్కడే ఉంది. భద్రమ్మ రెండింటినీ చూసింది.
రేపు సోమవారం.