లంక కట్టుబాటు

కొల్లేటి లంక,
శనివారం.

ప్రియమైన దీవెనకు, నాన్న ప్రేమతో రాస్తున్నది.

తాడేపల్లిగూడెంలో నువ్వు పాఠాలు చెప్పే బడి దగ్గరే నీకు గది దొరికిందని తెలిసి మీ అమ్మ మనసు కాస్త కుదుటపడింది. నీతో ఏడాదిపాటు ఎవరూ మాట్లాడకూడదని మన లంక పెద్దలు కట్టు వేశారు. పెద్దల తరఫున ఆ తీర్పు చెప్పింది నేనే. అయితే కట్టు నోటి మాటకే. ఉత్తరం రాయకూడదని ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నాను. ఫోను మాత్రం చేయకు, ఎత్తలేం.

నీకు కోపం ఉంటుంది. నీ చిన్నతనంలో సర్పంచి ఎన్నిక వచ్చిందంటే ఊరు రెండు ముక్కలయ్యేది. వలలు తగలబెట్టుకునేవాళ్లం. మీ బాబాయి ఆ గొడవల్లోనే పోయాడు. ఆ తరవాతే చర్చి అరుగు మీద కూర్చుని, అందరం కలిసి ఒకరినే నిలబెట్టాలని, ఆ మాట దాటినవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని కట్టుబాటు చేసుకున్నాం. అప్పటి నుంచి మన లంకకి పోలీసులు రాలేదు. ఈసారి బంగార్రాజుని నిలబెట్టాలని అనుకున్నాక నువ్వెళ్లి నామినేషను వేశావు. ఊళ్లో మరొకరి కొడుక్కి వేసే కట్టు నా కూతురికి వేయకపోతే అది న్యాయం ఎలా అవుతుంది? నువ్వే చెప్పు.

వానలో తడవకు.

మీ నాన్న,
ఎజ్రా


తాడేపల్లిగూడెం,
బుధవారం.

ప్రియమైన నాన్నగారికి,

పిల్లలకి ప్రాథమిక హక్కుల పాఠం చెప్పి వచ్చి మీ ఉత్తరం చదివాను. ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

బాబాయిని నేను మరిచిపోలేదండీ. ఊరు చల్లగా ఉండాలని మీరు పడ్డ తపన కూడా తెలుసు. కానీ అందరూ ఒప్పుకున్నారంటారే, ఆ అరుగు మీద ఒక్క ఆడమనిషైనా కూర్చుందా? పడవ మీద మంచినీళ్ల బిందెలు తెచ్చుకునేది వాళ్లే. కాదనే వీలు లేనప్పుడు అవునన్న మాటకి విలువేముంటుంది? బంగార్రాజు మామయ్య మంచివాడే. నేను నిలబడింది ఆయన మీద కోపంతో కాదు, మమ్మల్ని అడక్కుండా ఎంచే పద్ధతి నచ్చక. ఓడిపోయాను, సరే. ఓడిపోయినదానికి అమ్మ గొంతు కూడా వినపడకూడదా?

మీకు ఉత్తరమైనా ఉంది. అమ్మకి రాయడం రాదు. ఆవిడకి ఏముంది నాన్నా?

ఇది ఆవిడకి చదివి వినిపించండి.

మీ కూతురు,
దీవెన


తాడేపల్లిగూడెం,
మంగళవారం.

ప్రియమైన నాన్నగారికి,

నా ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు. అయినా మళ్లీ రాస్తున్నాను.

అమ్మని ఏలూరు ఆసుపత్రిలో చేర్చారని తెలిసి నిన్న వచ్చాను. నేను అమ్మ మంచం పక్కన కూర్చున్నంతసేపూ మీరు గుమ్మంలోనే నిలబడ్డారు. గుండె బాగా బలహీనపడిందని డాక్టరుగారు నాకు చెబుతుంటే వింటూ ఊరుకున్నారు. నేను అమ్మా అని పిలుస్తూనే ఉన్నాను. ఆవిడ నా జడ విప్పి మళ్లీ అల్లింది. మధ్యలో నోరు తెరిచి మీ వైపు చూసింది. మీరు తల దించుకున్నారు. బస్సు భీమడోలు దాటేదాకా ఆ జడ పట్టుకునే కూర్చున్నాను.

ఇంతకాలం వాదించాను. ఇప్పుడు బతిమాలుతున్నానండీ. ఒక్కసారి అమ్మని నాతో మాట్లాడనివ్వండి. పెద్దలు కాదంటే నేనే వచ్చి వాళ్ల కాళ్ల మీద పడతాను.

దీవెన


కొల్లేటి లంక,
సోమవారం.

నా తల్లీ దీవెనా,

సమాధుల దగ్గర అందరూ నీకు దూరంగా జరిగి నిలబడ్డారు. నేనూ వాళ్లతోనే నిలబడ్డాను. ఎలా నిలబడగలిగానో నాకే తెలియడం లేదు.

ఆ రోజు నువ్వు ఆసుపత్రి నుంచి వెళ్లాక మీ అమ్మ, "ఏవండీ, దాన్ని ఒక్కసారి పేరుపెట్టి పిలవనా?" అని అడిగింది.

"ఆదివారం పెద్దలని అడిగి చెబుతాను మణెమ్మా" అన్నాను.

కట్టు వేసిన నేనే దాన్ని దాటితే రేపు ఇంకొకరికి ఏం చెప్పగలను అనుకున్నాను. ఆవిడ సరే అంది. ఎన్నికల్లో నీకే ఓటు వేశానని కూడా అప్పుడే చెప్పింది. ఇన్నేళ్ల కాపురంలో నాకు చెప్పకుండా చేసిన పని అదొక్కటేనట. శుక్రవారం తెల్లవారుతూనే పోయింది.

నిన్న ఆరాధన అయ్యాక అరుగు మీద నీ మాట ఎత్తాను. నేను అడగడం పూర్తి కాకుండానే బంగార్రాజు లేచాడు.

"తీసేద్దామండీ ఎజ్రా గారూ. మొదటి నెలలోనే అనుకున్నాం. మీరే అంత పట్టుదలగా ఉంటే, మీ పిల్ల సంగతి మేమెలా ఎత్తుతామండీ?" అన్నాడు.

ఒక్కరూ కాదనలేదు. ఇన్నాళ్లూ వాళ్లు నేను అడుగుతానేమోనని చూశారు. అడిగితే నన్ను పక్షపాతి అంటారని నేను భయపడ్డాను. ఆ భయాన్నే న్యాయం అనుకున్నాను తల్లీ. మీ అమ్మ దానికి బలైపోయింది.

ఇప్పుడు నీతో మాట్లాడవచ్చు. నిన్నటి నుంచి ఫోను చేస్తూనే ఉన్నాను. ఎత్తమ్మా.

నాన్న


తాడేపల్లిగూడెం,
గురువారం.

ప్రియమైన నాన్నగారికి,

మీ ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చుంటున్నాను. ఎత్తలేకపోతున్నానండీ. ఎత్తితే మీ గొంతు వినపడుతుంది. అమ్మ గొంతు వినకుండా మీది వినడం నా వల్ల కావడం లేదు.

మీరు చెడ్డవారు కారు. ఎవరి దగ్గరా పైసా తినలేదు, ఒకరికో న్యాయం మరొకరికో న్యాయం చేయలేదు. ఆ సంగతి తెలుసు కాబట్టే మిమ్మల్ని తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది.

మీతో మాట్లాడొద్దని నాకు ఎవరూ చెప్పలేదు. ఇది నేను ఎంచుకున్నదే. ఎన్నాళ్లో నాకూ తెలియదు. పెద్దలని పంపించకండి.

వేళకి అన్నం తినండి, మాత్రలు మానకండి. ఉత్తరాలు రాస్తే చదువుతాను. ఫోను మాత్రం చేయకండి.

మీ
దీవెన