బావ తెచ్చిన సీసా

అక్కా, అందరం కులాసా, కంగారు పడకు.

నిన్న ఇక్కడి కొట్లో అన్నిట్లోకీ చవకగా దొరికిన ఎర్ర వైను తాగాను. గుక్క దిగగానే ప్రాణం లేచొచ్చింది. సీసా తిప్పి లేబులు చూద్దును కదా, మా కొత్తింటి విందుకు బావ తెచ్చిన రకమే! ఆ రోజు మూతైనా తీయకుండా, "ఇది కూరలోకి పనికొస్తుంది బావా" అని నలుగురిలో నవ్వాను. పెద్ద హోటల్లో వైన్లు వడ్డిస్తానుగా, అంతా నాకే తెలుసన్న పొగరు. ఆయనా నవ్వేశాడు. ఆ నవ్వే ఇప్పుడు గుచ్చుకుంటోంది. అప్పట్నుంచీ మా ఇంటికి ఎప్పుడొచ్చినా పళ్ళే తెస్తున్నాడు.

మీ వంటగది కుళాయి బాగయిందా? నా గొడుగు అక్కడుందేమో చూడు. పిల్లలకు ముద్దులు. బావకు నమస్కారం చెప్పి, ఈసారి వచ్చేటప్పుడు పళ్ళు తేవద్దను.

నీ తమ్ముడు