ఖాళీగా ఉంచిన గడి

ఖోర్ ఫక్కాన్, షార్జా,
12 నవంబరు 2023.

చెల్లి శాంతిప్రియకు పెద్దక్క దీవెనలు.

ప్రభువు దయ వల్ల ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. అవి కూడా ప్రార్థనకు వంగుతున్నాయి, మెట్ల దగ్గరే మొరాయిస్తున్నాయి. నువ్వూ, మరిది గారూ, పిల్లలూ బాగున్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం, ఉసిరికాయ పచ్చడి ఊరి నుంచి తిరిగి వస్తూ ఏసుబాబు తెచ్చి ఇచ్చాడు. సీసా మూత కారి ఉత్తరం అంచుకు నూనె అంటింది గానీ అక్షరాలు చెడలేదు. మన పక్క ఊరి మంజుల శుక్రవారం సెలవు మీద వెళుతోంది. ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు ఏడిస్తే నేను సగంలో ఆపేస్తాను. ఇది ఆపకూడని మాట.

క్రిస్మస్‌కు వస్తావా అని అడిగావు. రాలేను. నేను చూసుకునే ఇంగ్లండు మేడమ్ గారిని వదిలి రావడానికి లేదు. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు, చూపు నడిమధ్య మసకబారింది. కొడుకు పోర్టులో పెద్ద ఉద్యోగం, పొద్దున్నే వెళ్ళిపోతాడు.

వంటా, మందులూ అయ్యాక ఆవిడతో రోజంతా ఏం చేస్తావని కూడా అడిగావు. పుస్తకాలు చదువుతాం. ఇంగ్లండులో ప్రతి ఊరి గుడిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు వందల ఏళ్ళ నుంచి రాసి ఉంచారు. ఆ పేజీలు ఇప్పుడు కంప్యూటరులో కనిపిస్తాయి. మేడమ్ గారు వాటిలో తన ముత్తాతల ముత్తాతలను వెతుకుతున్నారు. పేజీని టీవీ తెర మీద పెద్దది చేసి నేను వేలు పెట్టి అక్షరాలు ఒక్కొక్కటీ చెబుతాను, ఆవిడ కళ్ళు మూసుకుని వాటిని కలిపి మాట పలుకుతారు. మిషన్ స్కూల్లో నేర్చుకున్న అక్షరాలు ఇన్నేళ్ళకు ఇలా పనికొచ్చాయి.

పక్క ఇంట్లో పనిచేసే వాసంతి, జగిత్యాల వైపు పిల్ల, ఒకరోజు చూసి నవ్వింది. "సచ్చినోళ్ళను ఎతికి ఏం జేస్తరక్కా? ఈడ బతికినోళ్ళ కాయితాలే దొర్కుతలేవు. పోయినోళ్ళు పోయిన్రు, ఖలాస్" అంది.

నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ పేజీలు మన గుడి పుస్తకంలాగే ఉన్నాయే. అవే గళ్ళు, పక్కన అలాగే పాస్టరు అయ్యగారి సంతకం. మన గుడి కట్టినవాళ్ళు ఆ దేశం వాళ్ళే కదా, ఆ గీతలు కూడా వెంట తెచ్చుకున్నట్టున్నారు.

పోయిన నెల ఇంకా పాత పుస్తకానికి వెళ్ళాం, నాలుగు వందల ఏళ్ళ కిందటిది. అందులో గళ్ళు లేవు, వరసగా వాక్యాలే. ఒక్కో వాక్యానికి ఒక పూట పట్టేది. మేడమ్ గారి వంశంలో ఒక వడ్రంగి కనబడ్డాడు. అతని మొదటి బిడ్డ గురించి, ఇంట్లోనే మంత్రసాని నీళ్ళు పోసి బాప్తిస్మమిచ్చిందనీ, అదే రోజు సమాధి చేశారనీ ఉంది. మరుసటి ఏడు ఇంకో బిడ్డ. బాప్తిస్మం లేదు, పేరు లేదు, సమాధి తేదీ ఒక్కటే.

"బిడ్డ బతకదనుకుంటే అయ్యగారి కోసం ఆగక్కరలేదు, దగ్గరున్న ఆడవాళ్ళెవరైనా పోయొచ్చు" అని మేడమ్ గారు నాకు విడమరిచి చెప్పారు. మాలోనూ అంతేనండి అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, ఆవిడ నా వైపు తిరిగారు. నేను తర్వాతి అక్షరం మీదికి వేలు జరిపాను.

వంశవృక్షాన్ని ఒక పెద్ద కాగితం మీద గీస్తున్నాం. ఆవిడ పుట్టినరోజుకు దాన్ని ఫ్రేము కట్టించాలని కొడుకు కోరిక. ఆ రెండో బిడ్డ దగ్గర గడి ఖాళీగా ఉంటే బాగుండదు, తండ్రి పేరే పెట్టేద్దాం, ఎవరడుగుతారు అన్నాడు. మేడమ్ గారు నిదానంగానే చెప్పారు. "రాసినతను తెలిసిందే రాశాడు. నాకు తెలియనిది నేను రాయను. పేరమ్మా, గడి గీయి. లోపల ఏమీ రాయకు."

గీశాను. అప్పటికి నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది.

గుడి నూరేళ్ళ పండుగకు సమాధుల దొడ్డిలో చిన్నపిల్లల పేర్లు బండ మీద చెక్కిస్తున్నారని రాశావు. పుస్తకం తీయిస్తే 1992లో "శాంతిప్రియ బిడ్డ, మగ, ఒక రోజు" అని తప్ప పేరు లేదన్నావు. పాత అయ్యగారు మరచిపోయారనీ, పేదల బిడ్డంటే అంత నిర్లక్ష్యమా అనీ బాధపడ్డావు. నీళ్ళు పోసినవాళ్ళు సంతకంతో రాసిస్తే పేరు చెక్కిస్తామని కొత్త అయ్యగారు అన్నారట. "ఒక్క ముక్క రాసి పంపు అక్కా, నతానియేలు పేరు నిలబడుతుంది" అన్నావు.

పాత అయ్యగారు మరచిపోలేదు చెల్లీ.

నీకు ఫిట్స్ వచ్చి, అమ్మా మరిది గారూ నిన్ను ట్రాక్టరులో ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు, ముందు నాడే పుట్టి ఊపిరి సరిగా అందని వాణ్ణి నా ఒడిలో పెట్టారు. వాన, కాలవ గట్టు తెగింది. అయ్యగారు అవతలి ఊళ్ళో ఉన్నారు. అమ్మ గడప దాటుతూ, "ఆయన రాలేకపోతే నువ్వే పోసెయ్యవే, నీకొచ్చుగా" అంది. వచ్చు. చెంబుతో నీళ్ళు పక్కన పెట్టుకున్నాను. నువ్వు ముందే అనుకున్న పేరూ తెలుసు. నీళ్ళు పోస్తే వాడు పోతాడని నేనే ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. పోయకుండా ఉంటే ఉంటాడనుకున్నాను. రెండుసార్లు చెంబులో చెయ్యి ముంచి, రెండుసార్లూ కొంగుకు తుడుచుకున్నాను. మధ్యాహ్నానికి వాడు నా ఒడిలోనే చల్లబడ్డాడు.

గంట తర్వాత అయ్యగారు నడుం లోతు నీళ్ళలో సైకిలు భుజాన వేసుకుని వచ్చారు. నీళ్ళు పోశావా అమ్మా అని అడిగారు. లేదండి అన్నాను. వాణ్ణి చేతుల్లోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డారు. సమాధి చేశాక, బాప్తిస్మం లేదు కాబట్టి పేరు రాయకుండా, పుస్తకంలో నేను చెప్పింది రాసి నా చేత సంతకం పెట్టించారు. చివరి గడి దాకా నువ్వు చూసి ఉండవు. అక్కడ నా పేరుంటుంది.

చెంబులో నీళ్ళు మునగ చెట్టు మొదట్లో పారబోశాను.

నాలుగో రోజు ఆసుపత్రిలో నువ్వు కళ్ళు తెరిచి బిడ్డ పోయాడని విన్నావు. ఏడవలేదు. "నీళ్ళు పోశావా అక్కా?" అన్నావు. పోశాను, నతానియేలు అని పెట్టాను అన్నాను. అప్పుడు నువ్వు నిద్రపోయావు. పుస్తకానికి నిజం చెప్పాను, నీకు అబద్ధం చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా వాడి రోజున నువ్వు ఆ పేరుతో ప్రార్థన చేస్తుంటే పక్కనుండో, ఫోనులోనో ఆమెన్ అన్నాను.

నువ్వడిగిన కాగితం దీనితో పెడుతున్నాను. నీళ్ళు పోయలేదని రాసి సంతకం చేశాను. అయ్యగారికి ఇస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. పేరు మాత్రం నువ్వు పెట్టిందే, వాడు నీ కడుపులో ఉండగానే. నేను పెట్టానన్నదే అబద్ధం. బండ మీద ఏం చెక్కించాలో వాడి తల్లివి నువ్వు చెప్పు. పాత అయ్యగారి సమాధి వైపు వెళితే మాత్రం ఆయన మీద అన్న మాట వెనక్కి తీసుకో. అది నా మీద అనాల్సిన మాట.

మంజుల జనవరి మొదటి వారంలో తిరిగి వస్తుంది. ఈసారి పచ్చడి పంపకు. ఆమె చేతికి ఒక కాగితం ఇవ్వు చాలు. ఏమీ రాయకపోయినా సరే, మడిచి ఇవ్వు.

ఇట్లు,
నీ పెద్దక్క, వాడి పెద్దమ్మ,
పేరమ్మ