లేబుల్ తిప్పని చెయ్యి

ఫిబ్రవరి 4

మా ఇంట్లోవాళ్ళకి నేనేం పని చేస్తానో ఇప్పటికీ తెలీదు. నెయ్యి యాడ్‌లో ఒక్కసారి గరిటె తిప్పినందుకు ఇనాయత్ పిన్ని నన్ను పెద్ద వంటమనిషిని చేసేసింది. ఇవాళ ఎవరో పెళ్ళికొడుకు తల్లిని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ సోఫాలో కూర్చుంటూనే, "టీవీలో చేశావే మొలోఖియా ఆకుకూర, అది నీ చేత్తో ఒక్కసారి తినాలమ్మా" అంది. ఆ గిన్నెలో ఉన్నది పచ్చరంగు కలిపిన గంజి అని చెప్పాను. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నవ్వి ఊరుకుంటే నీ సొమ్మేం పోయిందే? అందరికీ నవ్వుతావుగా."

నాన్నకైతే నాది "టీవీలో ఉద్యోగం". పెన్షన్ ఎప్పట్నుంచి ఇస్తారని అడిగాడు.

అయిన్ షమ్స్ యూనివర్సిటీలో కామర్స్ డిగ్రీ. నాలుగేళ్ళ మోడలింగ్. గౌన్లు, షాంపూ, పెరుగు, నెయ్యి. ఇప్పుడు మొదటిసారి రంజాన్ సీరియల్లో నటన. కల్తీ గుండెమందు తాగి మొగుడు చచ్చిపోయిన సనా అనే ఆవిడ పాత్ర. మూడు ఎపిసోడ్లు ఏడ్చి, నాలుగో దాంట్లో అస్వాన్‌లో ఉన్న అన్న దగ్గరికి వెళ్ళిపోతుంది. చిన్నదే, కానీ ఏడుపు నాది.

నిన్న కెమెరా టెస్ట్ తీశారు. డైరెక్టర్ రవూఫ్ సార్ తల పట్టుకున్నాడు.

"అమ్మాయ్, నీ మొగుడు పోయాడు. నువ్వేమో నాకు తోముకున్న పళ్ళు చూపిస్తున్నావు."

షూటింగ్ లోపు యాడ్ మొహం వదిలించుకుని రమ్మన్నాడు. లేకపోతే ఆ పాత్ర ఇంకో అమ్మాయికి.

అందుకని ఈ క్షణం నుంచి:
1. అకారణంగా నవ్వను.
2. వెలుతురు ఎక్కడుందో వెతుక్కుని మొహం తిప్పను.
3. చేతిలో ఏ వస్తువున్నా దాని పేరు ఎదుటివాళ్ళకి కనపడేలా పట్టుకోను.

ఇంత తేలికని ముందే తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేదాన్ని.

ఫిబ్రవరి 5

అద్భుతమైన రోజు. మైక్రోబస్సు డ్రైవర్ చిల్లర ఇస్తూ "ఎక్కడో చూశానే నిన్ను" అన్నాడు. నవ్వలేదు. షుబ్రా నుంచి రంసీస్ దాకా విధవరాలిలా కూర్చున్నాను. పక్కనావిడ జరిగి నాకు జాగా ఇచ్చింది. దుఃఖానికి విలువుంది.

ఫిబ్రవరి 7

పొద్దున నాన్నకి ఫూల్ గింజల డబ్బా అందించాను. ఆయన అద్దాలు సవరించుకుని పైకి చదివాడు: "నాణ్యమైన చిక్కుడుగింజలు." తర్వాత నన్ను చూసి, "నాకెందుకే చూపిస్తావు? కొన్నది నేనే కదా" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. డబ్బా కిందిభాగం రెండు వేళ్ళ మధ్య, లేబుల్ ముందుకి, బొటనవేలు అక్షరాలకి అడ్డం రాకుండా. టేబుల్ మీద ఉప్పు, వెనిగర్, నాన్న బీపీ మాత్రల సీసా, అన్నీ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. ఎవరు తిప్పారు? నేనే. ఎప్పుడు తిప్పానో తెలీదు.

పర్వాలేదు. రోగం తెలిస్తే సగం నయమైనట్టే.

ఫిబ్రవరి 9

నేను నవ్వడం లేదని ఇంట్లో గగ్గోలు. ఇనాయత్ పిన్ని తీర్పు చెప్పేసింది: "ఎవడో వదిలేసి పోయుంటాడు." అమ్మది దిష్టి సిద్ధాంతం. కాగితం బొమ్మ కత్తిరించి, సూదితో గుచ్చుతూ పేర్లు చదవడం మొదలుపెట్టింది.

"ఇది మూడో అంతస్తు హిక్మత్ కంట్లో. ఇది ఇస్త్రీవాడి పెళ్ళాం కంట్లో. ఇది మొన్నొచ్చిన ఆ మొలోఖియా మహాతల్లి కంట్లో..."

"ఆవిడ్ని తీసుకొచ్చింది నేను" అంది పిన్ని.

"అయితే ఇది నీ కంట్లో."

పిన్ని చెంగున లేచింది. నేను పడీపడీ నవ్వాను. ఇది లెక్కలోకి రాదు. కారణం ఉంది కదా, నియమంలో "అకారణంగా" అని రాసుకున్నాను. అమ్మ బొమ్మని కాల్చి, "చూశావా, పనిచేసింది" అంది.

ఫిబ్రవరి 12

కొన్ని సవరణలు అవసరమయ్యాయి. పసిపిల్లల్ని చూసి నవ్వొచ్చు. బేరమాడేటప్పుడు నవ్వొచ్చు, లేకపోతే టమాటాలు కుళ్ళినవి వేస్తున్నాడు. బాల్కనీలో వెలుతురు వైపు తిరగొచ్చు, విటమిన్ కోసం. ఇంట్లో లేబుళ్ళు ఎటున్నా పట్టించుకోనక్కర్లేదు, ఇంట్లో కెమెరా లేదు.

నియమాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరి 16

షూటింగ్. అక్టోబర్ సిటీ స్టూడియో, ఆసుపత్రి సెట్.

మొగుడి శవం పక్కన నేను. పళ్ళు కనపడలేదు. లైటు వెతకలేదు. రవూఫ్ సార్ కుర్చీలోంచి ముందుకి వంగాడు. కన్నీళ్ళు నిజంగానే వచ్చాయి. స్క్రిప్టులో ఉన్నట్టే, మొగుడి దుప్పటి కింద దొరికిన మందు సీసా తీసి గుండెకి హత్తుకున్నాను.

"కట్."

మెచ్చుకుంటారనుకున్నాను.

సార్ మెల్లగా నడిచి వచ్చాడు. నా చేతిలోకి చూశాడు. సీసా నిటారుగా ఉంది, పేరు కెమెరాకి ఎదురుగా, బొటనవేలు పక్కకి.

"తల్లీ, వాణ్ణి చంపింది ఆ మందే. దాన్నే నువ్వు నాకు అమ్ముతున్నావు."

శవంగా పడుకున్న నటుడు నవ్వాపుకోలేక బల్ల మీంచి పడ్డాడు.

ఎనిమిది టేకులు. ఎనిమిదింట్లోనూ సీసా దానంతటదే తిరిగింది. చివరికి నా చేతులు దుప్పటి కింద పెట్టించి మొహం మటుకు తీశారు. రేపు నన్ను తీసేస్తారు.

ఫిబ్రవరి 17

తీసెయ్యలేదు.

ప్రొడ్యూసర్ హాజ్ మమ్దూహ్ నిన్నటి టేకులన్నీ చూశాడట. నన్ను గదికి పిలిపించాడు. సార్ కూడా అక్కడే, గోడ వైపు చూస్తూ.

"ముప్ఫై ఏళ్ళుగా సీరియళ్ళు తీస్తున్నాను" అన్నాడు హాజ్. "ఏడుస్తూ కూడా సరుకుని ఇంత చక్కగా పట్టుకున్న మనిషిని చూడలేదమ్మా. లూలియ్యా టీ వాళ్ళు మన స్పాన్సర్లు. డబ్బా ఎవరికిచ్చినా సిగ్గుపడుతూ పట్టుకుంటున్నారు."

"సనా నాలుగో ఎపిసోడ్లో అస్వాన్ వెళ్ళిపోతుంది హాజ్" అన్నాడు సార్.

"రైలు తప్పిపోతుంది."

ముప్ఫై ఎపిసోడ్లూ ఉంటాను. కథానాయిక తర్వాత ఎక్కువ సీన్లు నాకే. ఇది విజయమే. మూడో నియమాన్ని తాత్కాలికంగా పక్కన పెడుతున్నాను. పాత్ర నిలబడాలంటే ముందు సీరియల్లో నిలబడాలి కదా.

రంజాన్ 1

ఉపవాసం విడవమని ఫిరంగి మోగింది, ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాం, టీవీ పెట్టాం. నేను ఏడుస్తున్నాను. మంచి ఏడుపు. నాన్న చెంచా కింద పెట్టేశాడు. సరిగ్గా నేను "ఆయన్ని ఎక్కడికి తీసుకుపోతున్నారు" అనగానే యాడ్లు వచ్చాయి. అందులో మళ్ళీ నేనే, తలకి పూలు పెట్టుకుని, గరిటె తిప్పుతూ, నెయ్యి వాసన పీలుస్తూ.

"పాపం, తొందరగానే కోలుకుంది" అన్నాడు నాన్న.

రంజాన్ 9

సీన్ కాగితాలు ఏ రోజువి ఆ రోజే వస్తున్నాయి, ప్రింటర్ వేడి తగ్గకుండా. సనా ఇప్పుడు కోర్టు ఎదురుగా టీ బండి పెట్టుకుంది. లాయరుకి టీ. జడ్జికి టీ. శత్రువుకి టీ పోస్తూ "నీ పాపం పండుతుంది" అంటుంది, డబ్బా ముందుకి. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మధ్యాహ్నం మూడింటిదాకా టీ గుణగణాలు వర్ణించాను.

సార్ క్లోజప్ చూసి, "ఈ సీన్లో ఇంత వేదన ఎక్కణ్ణించి తెచ్చావు?" అని అడిగాడు.

"దాహం సార్."

రంజాన్ 14

ఇవాళ తీర్పు సీను. మందు అమ్మినవాడు నిర్దోషిగా బయటికొస్తాడు. కోర్టు వరండాలో నేనొక్కదాన్నే. మాటల్లేవు. సార్ దగ్గరికొచ్చి, "దీనికోసమే నిన్ను తీసుకున్నాను. చేతులు ఖాళీగా ఉంచుకో" అన్నాడు. వెనకాలే హాజ్ డబ్బా పట్టుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

టేక్ మొదలైంది. వాడు నన్ను దాటుకుంటూ వెళ్ళాడు. డబ్బా పొట్టకి అదుముకున్నాను, లేబుల్ నా వైపు. చెయ్యి తిరగలేదు. తిరగాలని దానికి గుర్తే రాలేదు. నా మొహం ఎలా ఉందో కూడా తెలీదు. తెలియకపోవడం అదే మొదటిసారి.

సార్ కట్ చెప్పడం మర్చిపోయాడు. మేకప్ మనిషి ముక్కు తుడుచుకుంటోంది.

"బాగుంది, చాలా బాగుంది" అన్నాడు హాజ్. "ఏడిపించావమ్మా. ఇప్పుడు అదే, డబ్బా కనపడేలా ఒకటి."

సార్ నా వైపు చూశాడు. ఆయన వద్దంటే నేను కూడా వద్దనేదాన్ని. ఆయన ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తిప్పాను.

రంజాన్ 17

రెండోదే వేశారు.

అమ్మ కళ్ళు ఒత్తుకుంటూ, "ఏడుస్తూ కూడా ఎంత పొందిగ్గా పట్టుకున్నావే" అంది. ఇనాయత్ పిన్ని కతాయెఫ్ మిఠాయి నములుతూ, "ఆ టీ ఏదో మనమూ తెద్దాం అక్కా" అంది. కింది దుకాణంవాడు నన్ను చూసి "సనాగారూ, మీ టీ అయిపోయింది, రేపొస్తుంది" అని సంజాయిషీ చెప్పాడు.

వరండాలో కూర్చున్న ఆడమనిషి గురించి ఎవ్వరూ ఏమీ అడగలేదు.

నియమాల సంగతి రాయడానికి ఏమీ లేదు.

రంజాన్ 22

హాజ్ పిలిపించాడు. లూలియ్యా వాళ్ళ కాగితం: రెండేళ్ళు వాళ్ళ టీకి నేనే. సనాగానే, నల్లబట్టల్లో, కాకపోతే నవ్వుతూ. సంతకం పెడితే వచ్చే రంజాన్ సీరియల్లో కథానాయిక నేను.

"పెట్టకపోతే?" అన్నాను.

"సనా ఇరవయ్యారో ఎపిసోడ్లో అస్వాన్ వెళ్తుంది. రైలు దొరుకుతుంది."

బయట మెట్ల మీద రవూఫ్ సార్ కనపడ్డాడు. ఆ మొదటి టేక్ తన దగ్గర దాచుకున్నాడట. పండగయ్యాక ఒక నాటకం వేస్తున్నాడు, అలెగ్జాండ్రియాలో, చిన్న హాల్లో. నాకు వేషం ఇస్తానని అనలేదు. అందరితోపాటు పరీక్షకి రమ్మన్నాడు.

ఇంట్లో చెప్పాను. అమ్మ గరిటె ఆపింది.

"రెండేళ్ళు నవ్వితే వచ్చేదాన్ని కాదని, ఇస్తారో ఇవ్వరో తెలీని దానికి పోతావా? నీకేమన్నా పట్టిందా?"

పిన్ని కత్తెర కోసం సొరుగు తీసింది.

"బొమ్మ కత్తిరించకు పిన్నీ. నాకు బాగానే ఉంది."

"బాగుంటే సంతకం పెట్టు."

"పెట్టను."

నాన్న టీవీ గొంతు తగ్గించాడు. నేను గదిలోకొచ్చి ఇది రాస్తున్నాను.

ఇవాళ్టి నుంచి నియమాలు మళ్ళీ మొదలు. ఈసారి సవరణలు లేవు. హాజ్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. ఇరవయ్యారో ఎపిసోడ్లో రైలెక్కుతాను, పండగ తర్వాత అలెగ్జాండ్రియా వెళ్తాను.